హోమ్ సైన్స్ కాలేజీ పిల్లలకేనా, మాకు చెప్పరా?

సంపాదకుల గారికి,

నిరుడు దీపావళి ముందు మా పాత ఫ్రిజ్ మూలపడితే ఒక షాపులో కంతుల మీద కొత్తది తెచ్చుకున్నాం. 24,000 అప్పు, ఏడాదికి పది శాతం వడ్డీ, అంటే 2,400 కలిపి నెలకు 2,200 చొప్పున 12 నెలలు. నూటికి రూపాయి వడ్డీ కన్నా తక్కువే కదా అని నేనూ మా ఆయనా సంతోషంగా సంతకాలు పెట్టేశాం. పక్కింటమ్మాయి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో హోమ్ సైన్స్ చదువుతోంది, ఆ కాగితం చూసి నవ్వింది. "అత్తా, మీరు నెలనెలా అసలు కూడా కడుతున్నారు, ఆరు నెలలకి అప్పు సగమే మిగులుతుంది, వడ్డీ మాత్రం చివరిదాకా 24,000 మీదే వేశారు" అని లెక్క కట్టి చూపిస్తే అది 18 శాతం దగ్గర తేలింది. షాపువాళ్లను తిట్టి లాభం లేదు, కాగితంలో అంతా రాసే ఉంది. నేను డిగ్రీ చదివాను, అయినా ఆ లెక్క తెలియలేదు.

హోమ్ సైన్స్ అంటే కుట్లు, అల్లికలు, కేకులు అనుకునేదాన్ని. ఆ అమ్మాయి పుస్తకాల్లో ఇంటి బడ్జెట్టు, అప్పులు, పోషకాహారం, పిల్లల పెంపకం, వంటింటి జాగ్రత్తలు అన్నీ ఉన్నాయి. గ్యాస్ సిలిండర్ మెడ దగ్గర సి-27 లాంటి అక్షరం, అంకె ఉంటాయి చూశారా, దాన్ని మళ్లీ పరీక్ష చేయించాల్సిన గడువు 2027 సెప్టెంబరుతో అయిపోతుందని దానర్థం. ఇన్నేళ్లుగా సిలిండర్ దింపించుకుంటున్నా ఒక్కసారీ చూసుకోలేదు. డబ్బా మీద పదార్థాల పేర్లు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాయాలట. ఆ రోజే మా పిల్లోడి రాగి మాల్ట్ డబ్బా తిప్పి చూస్తే మొదటి పేరు చక్కెర! రాగి సంగటి తిని పెరిగిన చిత్తూరోళ్లం, వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, అది వదిలేసి చక్కెర కొని తాపిస్తున్నాం.

ఇంత చదువు మన ఊళ్లోనే ఉంది, 1983లో పెట్టిన యూనివర్సిటీ అది. పల్లెల్లో అయితే కృషి విజ్ఞాన కేంద్రాల గృహ విజ్ఞాన శాస్త్రవేత్తలు మహిళలకు చిరుధాన్యాల వంటకాలు, నిల్వ పద్ధతులు నేర్పిస్తుంటారు. కొర్లగుంటలో అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి ఎవరు నేర్పిస్తారు? పొదుపు సంఘాల మీటింగుల్లో కంతు కట్టారా లేదా అని తప్ప ఆ వడ్డీ ఎలా వేస్తారో చెప్పేవాళ్లు లేరు.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. హోమ్ సైన్స్ విద్యార్థినులను వారానికి రెండు సాయంత్రాలు వార్డు సచివాలయానికో మునిసిపల్ స్కూలుకో పంపి, అది వాళ్ల ప్రాక్టికల్స్ కింద లెక్కేయండి. కుర్చీలేసి ఉపన్యాసాలు వద్దు, మా కరెంటు బిల్లు, మా చీటీ పుస్తకం, మా ఈఎంఐ కాగితం మేమే పట్టుకొస్తాం, వాటి మీదే చెప్పండి. "మహిళలకు ప్రత్యేకం" అని బోర్డు మాత్రం పెట్టొద్దు. మా ఇంట్లో సంతకం పెట్టింది ఇద్దరం, ఆయనకీ తెలియాలి కదా.

ఇంకో మాట, క్లాసులు శని, ఆదివారాల్లో పెట్టకండి. లాడ్జీల్లో, హోటళ్లలో పనిచేసే మా ఇళ్లవాళ్లకి యాత్రికుల రద్దీ ఆ రెండు రోజులే. మంగళవారం సాయంత్రం ఏడు గంటలకైతే మా ఆయన్ని నేను తీసుకొస్తాను.

ఒక పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి