మొదటి కాల్ దాకా దాక్కునే తప్పు

అమీర్‌పేట,
హైదరాబాద్

ఒరేయ్ శీనూ,

నీ ప్లగిన్ (ప్రోగ్రాం నడుస్తుండగా దానికి తగిలించే షేర్డ్ లైబ్రరీ) లింక్ అయ్యేటప్పుడు ఒక్క ఎర్రర్ కూడా రాలేదు, అరగంట నడిచాక ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అని ప్రోగ్రాం మొత్తం పడిపోయింది అన్నావు కదా. లైనక్స్‌లో షేర్డ్ లైబ్రరీ కట్టేటప్పుడు దొరకని పేర్లను లింకర్ (కోడ్ ముక్కల్ని కలిపే సాధనం) పట్టించుకోదురా, నడిచేటప్పుడు ఎవరో ఒకరు ఇస్తారులే అని వదిలేస్తుంది. మామూలు ప్రోగ్రాం అయితే అక్కడే ఆపేసేది.

కోఠిలో పుస్తకాల కొట్టుకి మొదటిసారి పోయేవాడు పాన్ డబ్బా దగ్గర ఆగి దారి అడుగుతాడు, రెండోసారి తిన్నగా పోతాడు. లేజీ బైండింగ్, అంటే ఫంక్షన్ అడ్రసుని మొదటి కాల్ దాకా వెతకకపోవడం, అచ్చం అంతే. మామూలు 64-బిట్ పీసీలో నీ కాల్ ముందు పీఎల్‌టీ (బయటి ఫంక్షన్లకి దారి చూపే చిన్న కోడ్ తునకల పట్టిక)లోని 16 బైట్ల తునకకి దూకుతుంది. ఆ తునక గాట్ (అడ్రసుల పట్టిక)లో తన 8 బైట్ల గడి చూసి, అందులో ఏ అడ్రసుంటే అక్కడికి పోతుంది. మొదటిసారి ఆ గడిలో అసలు ఫంక్షన్ అడ్రసు ఉండదు, నడిచేటప్పుడు పేర్లు కలిపే డైనమిక్ లింకర్ దగ్గరికి తీసుకెళ్లే దారి ఉంటుంది. ఈ డైనమిక్ లింకర్ ముందు ప్రోగ్రాంలో, తర్వాత లైబ్రరీల్లో వరసగా వెతికి, దొరికిన అడ్రసు ఆ గడిలో రాసేస్తుంది. ఇక రెండో కాల్ నుంచి వెతుకులాటే లేదు. అసలు పిలవని ఫంక్షన్‌కి వెతికే ఖర్చే ఉండదు, అందుకే పెద్ద ప్రోగ్రాములు తొందరగా తెరుచుకుంటాయి. కానీ లేని పేరు కూడా పిలిచేదాకా బయటపడదు. నీకు జరిగింది ఇదే.

ఇదంతా ఫంక్షన్ కాల్స్‌కే. గ్లోబల్ వేరియబుల్ లేకపోతే లోడ్ అయ్యేటప్పుడే తెలిసిపోతుంది, దానికి లేజీ లేదు.

పేరు ఎందుకు దొరకలేదంటావా? ఎర్రర్‌లో అండర్‌స్కోర్ జెడ్, 5, లెక్క, రెండు ఐలు ఉన్నాయన్నావు. అది సీ ప్లస్ ప్లస్ మార్చిన పేరు: 5 అంటే ఇంగ్లిష్‌లో ‘లెక్క’ అక్షరాల సంఖ్య, ఒక్కో ఐ ఒక్కో ఇంట్. లైబ్రరీ సీలో రాసింది కాబట్టి అందులో ఉన్నది ఒట్టి ‘లెక్క’. హెడర్‌లో ఎక్స్‌టర్న్ "సీ" పెట్టు, అంటే పేరు మార్చొద్దని చెప్పు, కుదిరిపోతుంది.

అంతకన్నా ముఖ్యం, ప్లగిన్‌ని డీఎల్‌ఓపెన్‌తో తెరిచేటప్పుడు ఆర్‌టీఎల్‌డీ_లేజీ మానెయ్. ఆర్‌టీఎల్‌డీ_నౌ ఇస్తే పేర్లన్నీ తెరిచేటప్పుడే వెతుకుతుంది, పేరు లేనప్పుడు నల్ (ఖాళీ పాయింటర్) వస్తుంది, డీఎల్‌ఎర్రర్ ఏ పేరో చెబుతుంది, ప్రోగ్రాం బతికే ఉంటుంది. లేజీలో అయితే 127 కోడ్‌తో ప్రాసెస్సే పోతుంది. ప్లగిన్ల విషయంలో లేజీతో మిగిలే కాస్త సమయం ఆ ప్రమాదానికి సరితూగదు.

కోడ్ ముట్టుకోకుండా ఇప్పుడే పరీక్షించాలంటే ఎల్‌డీ_బైండ్_నౌ=1 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి నడుపు. లింక్ చేసేటప్పుడే పట్టుకోవాలంటే లింకర్‌కి ‘జెడ్ డెఫ్స్’ ఆప్షన్ ఇవ్వు, దొరకని పేరుంటే అక్కడే ఆపేస్తుంది. కాకపోతే ప్లగిన్ నీ మెయిన్ ప్రోగ్రాంలోని ఫంక్షన్లు వాడుతుంటే వాటి మీదా గొడవ చేస్తుంది. అవన్నీ ఒక చిన్న లైబ్రరీలోకి తీసి రెండింటికీ లింక్ చెయ్.

హెడర్ మార్చాక ఏం వచ్చిందో రాయి.

నీ
రఘు