ఫొటో కింద పేరేది?

ఎడిటర్ గారికి,

హిరోషి సుగిమోటో అనే జపాన్ ఫొటోగ్రాఫర్ సినిమా హాల్లో కెమెరా పెట్టి, బొమ్మ మొదలవగానే షట్టర్ తెరిచి, అయిపోయాకే మూసేవారు. అలా సినిమా మొత్తం కలిసిపోయి, ఫొటోలో తెర మీద ఒట్టి తెల్లటి వెలుగు మిగిలింది! ఫోన్లో రోజుకి వందల బొమ్మలు తోసేసే నేను, ఆ ఫొటో దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. కింద పేరుంది కాబట్టే ఆయన తీసిన సముద్రాల ఫొటోలు కూడా వెతుక్కోగలిగాను. 2022లో ఫొటోగ్రఫీకిచ్చే హాసెల్‌బ్లాడ్ అవార్డు అందుకున్న మన దేశపు ఫొటోగ్రాఫర్ దయనితా సింగ్ గురించి కూడా నాకలాగే తెలిసింది, ఫొటోలను చెక్క ఫ్రేముల్లో అమర్చి, అటూ ఇటూ జరిపే మ్యూజియంలా చేస్తారావిడ. మీరేమో ఆదివారం పేజీలో అంత మంచి ఫొటో వేసి, కింద 'ఇంటర్నెట్ నుంచి' అని వదిలేస్తారు. ఇంటర్నెట్ ఫొటోలు తీస్తుందా అండీ? తీసినవాళ్ల పేరు వేయండి చాలు, మిగతాది మేం వెతుక్కుంటాం.

- ఒక పాఠకుడు