స్కూటర్ ఎక్కించే ముందు బరువు లెక్క చూసుకోండి

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికాలో ఆర్‌వీలు (లోపలే వండుకుని, పడుకునే వీలున్న పెద్ద బండ్లు) కొనుక్కుని ఊళ్లు తిరుగుతున్న మనవాళ్ల కోసం ఈ ఉత్తరం. వెనక క్యారియర్ మీద చిన్న స్కూటర్ ఉంటే, పాల ప్యాకెట్ కోసం అంత పెద్ద బండిని క్యాంప్‌గ్రౌండ్ నుంచి కదపక్కర్లేదని మేమూ ఒకటి పెట్టించాం. కానీ మొదటి రోజే ర్యాంప్ పై కొసను క్యారియర్‌కి కట్టకుండా స్కూటర్ తోశాను, ముందు చక్రం అంచు ఎక్కిందో లేదో ర్యాంప్ జారిపోయింది, స్కూటర్ మా ఆవిడ పాదానికి జానెడు దూరంలో పడింది. ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

అంతకంటే పెద్ద విషయం బరువు. స్కూటరు, క్యారియరు కలిపి 150 కిలోలనుకోండి, అది వెనక ఇరుసుకి 3 మీటర్ల అవతల వేలాడుతూ, రెండు ఇరుసుల మధ్య 5 మీటర్లుంటే, ముందు చక్రాల మీద 90 కిలోలు తగ్గి వెనక ఇరుసు మీద 240 కిలోలు పెరుగుతాయి. స్టీరింగ్ తేలికైపోతుంది! హిచ్ (బండి వెనక క్యారియర్‌ని తగిలించే ఇనుప అమరిక) మీద రాసిన బరువు పరిమితి ఒక్కటే చూస్తే చాలదు, ఇరుసు పరిమితి కూడా చూడాలి.

నాలుగు వైపులా రాచెట్ పట్టీలు (పిడి ఆడించి బిగించేవి) వేసి, స్కూటర్ ముందు షాక్ అబ్జార్బర్లు కొంచెం కిందికి దిగేదాకా బిగించండి. కాస్త దూరం వెళ్లాక ఆగి మళ్లీ చూడండి, పట్టీలు కచ్చితంగా వదులవుతాయి. టెయిల్ లైట్లు, నంబర్ ప్లేటు స్కూటర్ చాటున పడకూడదు.

క్యారియర్లు అమ్మేవాళ్లు ఈ ఇరుసు లెక్కను కొనేవాళ్లకి ముందే చెప్పాలి. మాకు ఎవరూ చెప్పలేదు.

- ఒక పాఠకుడు, డాలస్