పచ్చి ఇటుకలను ఎండకు వదిలేయకండి

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. నిన్న జడ్చర్ల దగ్గర మన సంఘం సభ్యుడి బట్టీలో పచ్చి ఇటుకలు, అంటే ఇంకా కాల్చనివి, చూసి మనసు చివుక్కుమంది. పైన వెంట్రుకంత సన్నని గీతలు, మూలలు పైకి లేచి ఉన్నాయి. మట్టి మంచిదే, అచ్చు కూడా మంచిదే. తప్పంతా ఆరబెట్టడంలో ఉంది.

నీరు పోయేకొద్దీ మట్టి కుంచించుకుపోతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండకు, వడగాలికి పైపొర ముందే ఆరి బిగుసుకుంటుంది, లోపలేమో ఇంకా తడి. ఆ లాగులాటలోనే పగులు పుడుతుంది. అందుకే మొదటి రెండు రోజులు గడ్డి గానీ గోనెపట్టా గానీ కప్పండి. కాస్త గట్టిపడ్డాక పక్కకు నిలబెట్టి, గాలి ఆడేలా సందులు వదిలి పేర్చండి. మట్టిలో నల్లరేగడి వంతు ఎక్కువైతే కుంచింపు ఇంకా ఎక్కువ, ఇసుకో ఊకో కలపక తప్పదు.

కాలిన ఇటుక 190 మి.మీ. పొడవు రావాలంటే అచ్చు అంతకంటే పెద్దదే ఉండాలి. ఎంత పెద్దదో మీ మట్టితో నాలుగు ఇటుకలు చేసి కొలుచుకోండి.

బట్టీలో పేర్చే ముందు ఒకటి విరిచి చూడండి. నడిమధ్యన రంగు ముదురుగా ఉంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే, ఆగండి. బట్టీ వేడికి ఆ తడి ఆవిరై ఇటుకను చీలుస్తుంది.