ప్రార్థన పాట మార్చేముందు తల్లుల్ని అడగండి

సంపాదకులకు నమస్కారం.

నేను ఇంట్లో బట్టలు కుడతాను. మా బాబు చదివే మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీలో సభ్యురాలిని.

పోయిన కార్తీకంలో మావాడి తరగతి పిల్లాడొకడు వాళ్ల నాన్నతోపాటు అయ్యప్ప మాల వేసుకున్నాడు. యూనిఫాం లేదని పంపేస్తారేమోనని వాళ్లమ్మ టెన్షన్ పడుతూ వెంటే వచ్చింది. హెడ్‌మాస్టరు గారు నల్లబట్టలు చూసి కూడా ఏమీ అనకుండా తరగతిలోకి వెళ్లమన్నారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర నేనున్నాను. వంటావిడ గుడ్డు వేయబోతే వాడు పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ గరిటె వెనక్కి తీసుకుని, "సామీ, పప్పు వేయనా?" అంది. ఆ నలభై ఒక్క రోజులూ పిల్లలందరికీ వాడు సామే. రంజాన్ నెలలో ఐదో తరగతి పాప రోజా ఉన్న రోజున, ఆమె చిక్కీని పొట్లం కట్టి ఇంటికిచ్చి పంపారు. మా పిల్లలు భక్తినీ మర్యాదనీ ఇలా నేర్చుకుంటుంటే నాకు ఎంతో సంతోషంగా ఉండేది.

అదే బడిలో సంక్రాంతి సెలవుల తర్వాత ఒక దాత మైకుసెట్టు కొనిచ్చారు. ఆయన కోరికమీద పొద్దున ప్రార్థనలో ఒక దేవుడి పాట చేర్చారు. అది మా ఇంట్లో రోజూ పాడుకునే పాటే. కానీ చర్చికి వెళ్లే మా పక్కింటావిడ వచ్చి, "నువ్వే సంతకం పెట్టావంట గదా" అంది. నిజమే. తీర్మానాల రిజిస్టరు ఒక పిల్లాడి చేత ఇంటికి పంపితే, కత్తెర పక్కనపెట్టి చదవకుండానే సంతకం పెట్టాను. ఆవిడ మొహం చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా సరే, తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల్ని మతబోధకుగాని, మత ప్రార్థనకుగాని కూర్చోబెట్టకూడదు. ఒక్క పాట మతబోధ కిందికి వస్తుందో రాదో లాయర్లు తేల్చాలి. ఆ పక్కింటి తల్లిని మేమెవ్వరమూ అడగలేదన్నది మాత్రం నాకు తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. పేర్లయితే రాసుకున్నారు. మీటింగ్ మాత్రం పొద్దున పదకొండింటికి పెడతారు. ఆ వేళకు మా ఆడవాళ్లంతా మిరప కోతల్లో ఉంటారు.

విద్యాశాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే. రిజిస్టరు ఇళ్లకు పంపడం ఆపించండి. కూలి పనులు ముగిశాక, సాయంత్రం ఆరింటికి మీటింగ్ పెట్టించి, ప్రతి తీర్మానం పైకి చదివి వినిపించాకే సంతకాలు తీసుకోమనండి. మా బడి పాట సంగతి కూడా అలాగే మళ్లీ చర్చకు పెట్టమని హెడ్‌మాస్టరు గారికి కాగితం రాసిచ్చాను.

– ఒక తల్లి, గుంటూరు జిల్లా