ముట్లు ఆగాక గుండె సంగతీ చూడండి

సంపాదకులు గారికి,

మాది కోనసీమలో అమలాపురం దగ్గర పల్లెటూరు. మా వదినకి 49 ఏళ్లు, ముట్లు ఆగి రెండేళ్లయింది. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ చీపురు అక్కడే వదిలేసి అరుగు మీద కూలబడింది, ఆయాసంగా ఉంది, దవడ లాగేస్తోంది అంటే అందరం గ్యాస్ అనుకుని వాము నీళ్లు ఇచ్చాం, ఊళ్లో వైద్యం చేసే ఆయన కూడా టెన్షన్ తగ్గించుకోమ్మా అని మాత్ర ఇచ్చి పంపేశాడు. మూడోరోజు కాకినాడ తీసుకెళ్తే గుండె రక్తనాళంలో పూడిక ఉందన్నారు. దేవుడి దయవల్ల బతికింది.

ముట్లు ఆగే వయసులో ఈస్ట్రోజెన్ హార్మోన్ బాగా పడిపోతుందట. దాంతో కాలేయం చెడు కొలెస్ట్రాల్‌ని రక్తంలోంచి తీసెయ్యడం తగ్గిపోయి అది (దాన్నే ఎల్‌డీఎల్ అంటారు) పెరుగుతుంది, కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది, రక్తనాళాలు బిరుసెక్కుతాయి. సన్నగా ఉన్నవాళ్లకీ గుండెజబ్బు రావచ్చు, మా వదిన సన్నమే. 45 ఏళ్ల లోపే ముట్లు ఆగినవాళ్లకి, గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీయించుకున్నవాళ్లకి ముప్పు ఇంకా ఎక్కువ. మన వైపు గర్భసంచి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఎంతమందో!

ఆడవాళ్లకి గుండెపోటు ఎప్పుడూ ఛాతీ నొప్పితోనే రాదు, వీపు నొప్పి, వాంతి, విపరీతమైన నీరసంగా కూడా వస్తుంది. ఊళ్లలో బీపీ, షుగర్ చూసే సిబ్బంది 45 దాటిన ఆడవాళ్లకి రక్తంలో కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్ పరీక్ష కూడా చేయించేలా అధికారులు చూడాలి.

- ఒక పాఠకురాలు, అమలాపురం