మార్చి నుంచి మా అంగట్లో ఇగ్నిషన్ స్విచ్ కొన్నవాళ్ళకు

మార్చి 2 నుంచి మే 10 దాకా తిరుపతిలో మా అంగట్లో కారు ఇగ్నిషన్ స్విచ్, అంటే తాళం తిప్పితే బండికి కరెంటు ఇచ్చే స్విచ్ కొని, ఇంటి దగ్గర మీరే బిగించుకుని ఉంటే, ఇది చదివాకే బండి బయటికి తీయండి. ఆ సరుకు మంచిది కాదు. మీ స్విచ్ ఈరోజుకు బాగానే పని చేస్తున్నా సరే, తీసుకురండి. మంచిది ఇస్తాను, పైసా అడగను. బిల్లు పారేసుకున్నా ఫరవాలేదు.

మొత్తం 60 స్విచ్‌లు వచ్చాయి. 41 అమ్మాను. మిగిలిన 19 బీరువాలో పెట్టి బీగం వేశాను. వాటిలో ఒక్కటి కూడా ఇక ఏ బండిలోకీ పోదు.

ఏప్రిల్ మూడో వారంలో చంద్రగిరి నుంచి లెక్కల సారు ఒకరు ఫోన్ చేశారు. రిటైరై చాలా కాలమైంది. మా నాయన కూర్చున్న రోజుల నుంచి మా దగ్గరే కొంటారు. "స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే బండి ఆగిపోతోందప్పా. బీగంచెవి కాస్త అటూ ఇటూ కదిలిస్తే మళ్ళీ అందుకుంటోంది" అన్నారు. నేను ఏమన్నానో కూడా ఇక్కడే రాస్తున్నాను. "సార్, వెనక వైర్లు తగిలించే కప్లర్ గట్టిగా నొక్కి ఉండరు. ఇంకోసారి చూసుకోండి" అన్నాను. ఆయన చూసుకున్నారు. రెండు రోజుల తర్వాత మళ్ళీ చేశారు, మళ్ళీ అదే మాట చెప్పాను. మూడోసారి ఆయన ఫోన్ చేయలేదు.

సారు చేతిలో తప్పు లేదు. తప్పు నేనిచ్చిన డబ్బాలో ఉంది. ఆ అనుమానం వచ్చాక చంద్రగిరి వెళ్ళి ఆయన్ను కలిశాను. అప్పటికే వేరే అంగట్లో కొని బిగించుకున్నారు. ఒక్క మాట కూడా అనకుండా కాఫీ ఇప్పించి, నా స్విచ్ కాగితంలో చుట్టి చేతిలో పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

రెండో ఫిర్యాదు మే 9 రాత్రి వచ్చింది. టాక్సీ తోలే తమ్ముడు, నెలకు రెండు మూడు సార్లయినా నా అంగడికి వచ్చేవాడు. కొండ మీద నుంచి ఐదుగురు యాత్రికులను దించుకొస్తున్నాడు. ఘాట్‌లో మలుపు తిరుగుతుండగా డాష్‌బోర్డు లైట్లన్నీ ఒక్కసారి పోయాయి, ఇంజిన్ పోయింది, స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. ఆ అబ్బాయి అనుభవస్థుడు. సెకండ్ గేరులో ఉన్న బండిని గేరులోనే ఉంచి, క్లచ్ తొక్కకుండా, బ్రేకును పదే పదే కొట్టకుండా ఒకే బిగువున తొక్కి పట్టి, గోడ వారగా ఆపాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కారులో ఇద్దరు చిన్నపిల్లలున్నారట. అంగడి మూసే వేళకు వచ్చి తాళం గల్లాపెట్టె మీద పెట్టి, "అన్నా, నీ మాట మీద కొన్నా" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మరుసటి రోజు పక్క షెడ్డు మేస్త్రి, నేను కూర్చుని ఆ రెండు స్విచ్‌లూ విప్పాం. రెండేళ్ళ కిందటి స్టాకులో అదే నంబరుది ఒకటి మిగిలి ఉంటే దాన్నీ విప్పి పక్కన పెట్టాం. బయట తేడా ఏమీ లేదు. అదే డబ్బా, అదే హోలోగ్రామ్, అదే పార్ట్ నంబరు. లోపల వేరే లోకం. పాత దాంట్లో కాంటాక్ట్ ప్లేటు మందంగా ఉన్న ఇత్తడి. కొత్త దాంట్లో పైన పూత పూసిన పలుచని ఇనప రేకు. అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంది. ఇత్తడి అయస్కాంతానికి అంటదు. స్ప్రింగు పాత దాంట్లో సగం లావు కూడా లేదు. ఆ స్ప్రింగు బిగువు మీదే తాళం ఆన్‌లో నిలబడాలి. బిగువు లేకపోతే గుంతలో పడ్డప్పుడు కాంటాక్ట్ విడిపోతుంది. విడిపోయి కలుస్తున్న చోట నిప్పురవ్వ పుడుతుంది, వేడెక్కుతుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పైన మన ఊరి ఎండ. మే నెలలో మధ్యాహ్నం అద్దాలు మూసి నిలిపిన కారులో చెయ్యి పెట్టలేం. సారు స్విచ్‌లో ప్లాస్టిక్ ఒక పక్కకు కరిగి ఒరిగిపోయింది.

బీరువాలో ఉన్న కొత్తవాటిలో ఒకటి తీసి టేబుల్ మీద లైట్లు, బ్లోయర్ లోడు ఇచ్చి మీటరు పెట్టాం. లోపలికి వచ్చే వైరుకూ బయటికి పోయే వైరుకూ మధ్య 1.4 వోల్టులు తగ్గుతోంది. పాతది పెడితే 0.1. ఒక్కసారి కూడా వాడని స్విచ్ పరిస్థితి ఇది.

ఇక సరఫరాదారు సంగతి. చెన్నై హోల్‌సేల్ వ్యాపారి. పేరు రాయను. మా నాయన ఉన్నప్పటి నుంచి తెచ్చుకుంటున్నాం. ఒక్క పేమెంటు కూడా ఆలస్యం చేయలేదు. వరదలొచ్చి చెన్నై మునిగినప్పుడు, "సరుకు పంపలేకపోయినా ఫరవాలేదు, ముందు మీరు జాగ్రత్త" అని ఫోన్ చేసిన మనిషిని నేను. ఆ చనువుతోనే ఫోన్ చేశాను. ఫోటోలు పంపాను, అయస్కాంతం అంటుకున్న వీడియో పంపాను. మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు ఆయన కొడుకు మాట్లాడాడు. "సార్, పార్ట్ నంబర్ సేమ్ కదా. మీ కస్టమర్లు ఎక్స్‌ట్రా లైట్లు వేసుకుని ఉంటారు, ఇంట్లో బిగించుకుంటే ఇట్లాగే కాలుతుంది" అన్నాడు. రిలే, అంటే ఎక్కువ కరెంటు స్విచ్ మీద పడకుండా మోసేది, లేకుండా పెద్ద బల్బులు వేసుకుంటే స్విచ్ కాలే మాట నిజమే, అది నేను పాతికేళ్ళుగా అందరికీ చెబుతున్నాను. కానీ లెక్కల సారు బండికి కంపెనీ ఇచ్చిన లైట్లు తప్ప ఒక్క బల్బు ఎక్కువ లేదు. ఆ మాటే చెప్పాను. "ఎలక్ట్రికల్ గూడ్స్‌కి రిటర్న్ లేదు సార్, బిల్లు మీద రాసుంటుంది చూడండి" అన్నాడు.

చూశాను. రాసి ఉంది. చిన్న అక్షరాల్లో ఎప్పటి నుంచో ఉంది. మా మధ్య ఆ అక్షరాలు ఎప్పుడూ అవసరం పడలేదు, అంతే.

నేనే బస్సెక్కి చెన్నై వెళ్ళాను. మూడు స్విచ్‌లూ విప్పినవి విప్పినట్టే అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్ళాను. పెద్దాయన ఎదురుగానే కూర్చుని ఉన్నారు, తలెత్తలేదు. తయారు చేసే చోటు మార్చారని, పాత చోట ఖరీదు పెరిగిందని గోడౌన్ కుర్రాడు బయట టీ కొట్టు దగ్గర చెప్పాడు. ధర నాకు ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు. నంబరు మార్చలేదు, డబ్బా మార్చలేదు, ఒక్క మాట ముందుగా చెప్పలేదు. చెప్పి ఉంటే నేను కొనేవాణ్ణి కాదు. అందుకే చెప్పలేదు.

నంబరు ఒకటే ఉండి లోపలిది మారితే ఎంత దూరం పోతుందో లోకానికి తెలియనిది కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 2014లో ఇలాగే ఇగ్నిషన్ స్విచ్ లోపం వల్ల 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. అక్కడా బిగువు చాలకే తాళం ఆన్ నుంచి జారి యాక్సెసరీలోకి, అంటే రేడియో లాంటివి మాత్రమే నడిచే చోటికి వచ్చేది. ఇంజిన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. 124 మంది మరణాలకు ఆ కంపెనీ నిధి నుంచి పరిహారం ఇచ్చారు. ఆ స్విచ్‌ను 2006లోనే గట్టిగా ఉండేలా మార్చారు, కానీ పార్ట్ నంబరు మార్చలేదు. దాంతో ఏ బండ్లలో పాతది ఉందో, ఎందులో కొత్తది ఉందో పట్టుకోవడానికే ఏళ్ళు పట్టింది. అక్కడ చెడ్డది మంచిదైంది, నాకు మంచిది చెడ్డదైంది. దాచింది మాత్రం ఒకే రకంగా దాచారు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. అయినా కొత్త డబ్బా వచ్చినప్పుడు ఒకటి విప్పి చూడాలని తోచలేదు. ముప్పై ఏళ్ళ నమ్మకం మీద సంతకం పెట్టి దించుకున్నాను.

గత వారం ఆ కొడుకు మళ్ళీ ఫోన్ చేసి, సగం డబ్బుకు క్రెడిట్ నోట్ ఇస్తాం, వచ్చే ఆర్డర్‌లో సర్దుకోండి అన్నాడు. వచ్చే ఆర్డర్ లేదని చెప్పాను. నష్టం నాదే, భరిస్తాను. ఆ గడప మాత్రం ఇక తొక్కను.

నన్ను ఎక్కువ నలిపింది డబ్బు కాదు. ఇక ముందు ఇంట్లో బిగించుకునేవాళ్ళకు స్విచ్ అమ్మాలా వద్దా అన్నది. మేస్త్రి ఖచ్చితంగా చెప్పాడు, "ఆపెయ్ అన్నా. షెడ్డులో మనం బిగించి పంపిద్దాం, మాట రాదు" అని. ఇంట్లో కూడా అదే మాట. నాకు బిగింపు కూలి కూడా మిగులుతుంది. పది రోజులు ఆలోచించాను. ఒక రాత్రి ఆపేస్తానని కాగితం మీద రాసి, పొద్దున్నే చింపేశాను.

ఎందుకంటే ఈ అలవాటు పెట్టింది మా నాయన. పాకాల పక్క పల్లెల్లో, పుత్తూరు అవతల, బండి కదలకపోతే తిరుపతికి లాక్కుని రావాలంటే స్విచ్ ఖరీదుకు రెండింతలు అవుతుంది. ఆయన గల్లాపెట్టె పక్కన పాత స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ కింద తాళం, స్విచ్ కూర్చునే గొట్టం) ఒకటి బిగించి, వచ్చినవాళ్ళ చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి చేయించేవారు. ఇప్పటికీ అది అక్కడే ఉంది. మీరు నేర్చుకున్నది సరిగ్గానే నేర్చుకున్నారు, మీ చేతి పని చెడిపోలేదు, నా సరుకు చెడిపోయింది. దానికి మీ చేతి పనిని ఆపమనడం నాకు న్యాయంగా అనిపించలేదు. అమ్ముతాను. మేస్త్రికి ఇప్పటికీ ఇష్టం లేదు.

అయితే పద్ధతి మారింది. ఇప్పుడు కంపెనీ డీలరు దగ్గర ఒరిజినల్ మాత్రమే తెస్తున్నాను. 480కి ఇచ్చినది 1,150 అవుతుంది. కొంతమంది వేరే చోటికి పోతారు, తెలుసు. పాత స్విచ్‌కు బదులుగా ఇచ్చేవాటికి ఆ తేడా అడగను. ప్రతి కొత్త లాటులో ఒకటి మీ ఎదురుగానే కోసి చూపిస్తాను. ప్రతి స్విచ్‌ను లోడు మీద మీటరు పెట్టి, వచ్చిన అంకె డబ్బా మీద రాసి ఇస్తాను. స్విచ్ ఒక్కటే విడిగా ఊడిరాని బండ్లకు, అంటే బిగించేటప్పుడే తల తెగిపోయే బోల్టులు కోసి మొత్తం లాకు దించాల్సిన వాటికి, ఇంటికి ఇవ్వను. షెడ్డుకే రండి. బటన్ స్టార్ట్ బండ్ల సంగతి పూర్తిగా వేరు.

బిగించే పద్ధతి మీకు తెలిసిందే, మళ్ళీ రాయను. ఈ గొడవలో ఫోన్లు చేసినవాళ్ళతో మాట్లాడుతుంటే కొందరు వదిలేస్తున్నారని తెలిసినవి మాత్రం చెబుతాను. బ్యాటరీ నెగెటివ్ తీసిన వెంటనే పని మొదలు పెట్టకండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే పది నిమిషాలు ఆగండి, ఎయిర్‌బ్యాగ్ వైర్ల పసుపు రంగు కప్లర్ జోలికి పోకండి. కొత్త స్విచ్ మధ్యలో ఉన్న గాడి, లాకు వెనక ఉన్న నాలుక ఒకే దిక్కున లేకుండా స్క్రూ బిగిస్తే, తాళం తిరుగుతుంది కానీ కాంటాక్ట్ సగమే కూర్చుంటుంది. కవరు మూయకముందే సెల్ఫ్ కొట్టి, చెయ్యి వదిలి, తాళం ఆన్‌లోకి వచ్చాక ఇంజిన్ నిలబడుతోందా చూడండి. సెల్ఫ్‌లో అందుకుని వదలగానే ఆగిపోతే కాంటాక్ట్ లేనట్టే. తర్వాత ఆన్‌లో ఉంచి తాళాన్ని వేలితో కదపండి. డాష్‌బోర్డు లైటు ఒక్కసారి మినుకుమన్నా ఆ బండి రోడ్డెక్కకూడదు. స్విచ్ ఒక్కటే మారిస్తే తాళంచెవిలోని చిప్‌తో పని లేదు. ఎవరైనా ప్రోగ్రామింగ్ చేయాలని డబ్బు అడిగితే ఇవ్వకండి.

బీగంచెవికి ఇంటి తాళాలు, బీరువా తాళాలు, శంఖుచక్రాల లాకెట్టు అన్నీ కలిపి వేలాడదీయకండి. ఆ బరువంతా స్విచ్ మీదే ఊగుతుంది. స్వామి లాకెట్టు డాష్‌బోర్డు మీద పెట్టుకోండి. దారిలో ఇంజిన్ ఆగిపోతే తాళాన్ని పూర్తిగా వెనక్కి తిప్పి లాగకండి, స్టీరింగ్ లాక్ అయిపోతుంది. ఆ టాక్సీ తమ్ముడు చేసినట్టే గేరులో ఉంచి, బ్రేకు ఒకే పట్టున పట్టండి.

41 మందిలో 34 మందిని పట్టుకున్నాను, 29 బండ్లకు మార్చేశాను. ఐదుగురు ఈ వారం వస్తామన్నారు. ఇంకా ఏడుగురు దొరకలేదు. నగదు ఇచ్చి, బిల్లు వద్దని వెళ్ళినవాళ్ళు. ఒకాయన పీలేరు వైపు నుంచి వచ్చారు, తెల్ల వ్యాను, పక్కన పదేళ్ళ అమ్మాయి ఉంది. స్క్రూడ్రైవర్ ఆ పాపే పట్టుకుని కాలమ్ మీద చేసి చూపించింది. ఇంకొకరు శ్రీకాళహస్తిలో పూల వ్యాపారం అన్నారు. మిగతావాళ్ళు నాకు ముఖాలు గుర్తున్నాయి, ఊళ్ళు గుర్తు లేవు. మీకు తెలిసినవాళ్ళెవరైనా ఈ మధ్య మా అంగట్లో స్విచ్ కొన్నట్టు తెలిస్తే, ఈ సంగతి వాళ్ళ చెవిన వేయండి. ఆదివారం కూడా అంగడి తెరిచే ఉంటుంది. బండి తోలుకుని రావడానికి భయమైతే రావద్దు, ఎక్కడుందో చెబితే మేస్త్రిని తీసుకుని నేనే వస్తాను.